మట్టి పడేదాకా

శనివారం పొద్దున ఎనిమిది గంటలకి చింతదిబ్బ అరుంధతివాడ వాళ్ల సమాధుల తోటలోకి జేసీబీ దిగింది. మూడు తరాల మనుషులు పడుకున్న నేలని గంటన్నరలో చదును చేసేసింది. సిమెంటు సిలువలూ కొయ్య సిలువలూ ఒకే కుప్పగా గట్టు వారకి తోసేసింది. చచ్చినవాళ్లు ఎవరికీ అర్జీ పెట్టుకోరు కదా, ఆ ధైర్యం. పక్కనే ఫ్లెక్సీ పాతారు. "ప్రపంచ డోళ్ల పండగ. కార్లు ఇక్కడ నిలపవలెను" అని రాసి ఉంది దాని మీద.

జయకుమార్ అప్పుడు ఆ దారినే మైపాడు బీచికి డోళ్ల పండగ రిహార్సలుకి పోతున్నాడు. అతను మోటారు సైకిలు మీద, వెనక ఆటోలో అతని జట్టు నలుగురూ అయిదు పలకలూ. డప్పుని ఆ వాడలో పలక అంటారు. మగ్దలీనమ్మ జేసీబీకి అడ్డం కూర్చుంటే ఇద్దరు మనుషులు రెక్కలు పట్టి లేపి, మూటని పెట్టినట్టు గట్టు మీద పెట్టారు. ఆమె మొగుడు ఇస్సాకు పోయి ఆరేళ్లయింది. జయకుమార్‌కి పలక పట్టుకోవడం నేర్పింది ఆ ఇస్సాకే, వరసకి మేనమామ.

"జయా, మీ మామని పైకి తీసినార్రా," అన్నది మగ్దలీనమ్మ. ఏడవలేదు. ఊరికే చెప్పింది.

జయకుమార్ కాలు బ్రేకు మీద పడింది. బండి మాత్రం ఆగలేదు. "సాయంత్రం మాట్లాడదాం లే అత్తా," అనేసి ముందుకి పోయాడు.

ఎందుకు ఆగలేదో కూడా చెప్పుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా అతను పలక కొడుతున్నాడు. పెళ్లికొడుకు ముందు నడిచాడు, జాతర ముందు నడిచాడు, పాడె ముందు నడిచాడు, ఓట్ల రోజుల్లో ఏ జెండా పిలిస్తే ఆ జెండా ముందు నడిచాడు. నడవడం ఎప్పుడూ ముందు, కూర్చోవడం ఎప్పుడూ కింద. స్టేజీ మెట్లు ఎక్కింది ఒకే ఒక్కసారి, అదీ కుర్చీలు మొయ్యడానికి. అలాంటివాడికి నెల్లూరు నించి పండగ మేనేజరు రవి కుమార్ ఫోన్ చేసి, గినీ దేశం వాళ్లు వస్తున్నారు, జపాన్ వాళ్లు వస్తున్నారు, కేరళ నించి చెండ డోలు వాయించేవాళ్లు వస్తున్నారు, ఆదివారం సాయంత్రం వాళ్ల మధ్యలో మీకు పది నిమిషాలు అన్నాడు. అప్పట్నించీ మనిషికి అన్నం సయించడం లేదు. అద్దంలో చూసుకుంటూ దణ్ణం పెట్టడం కూడా ప్రాక్టీసు చేశాడు.

బీచిలో స్టేజీ చూస్తే కళ్లు తిరిగాయి. జపాన్ డోలు ఒకటి మనిషి ఎత్తుంది. చెండవాళ్లు పన్నెండు మంది ఒకే చెయ్యిలాగా వాయిస్తున్నారు. జయకుమార్ జట్టుని మాత్రం రవి కుమార్ మెట్ల దగ్గరే ఆపేశాడు.

"ప్రోగ్రాం కొంచెం మారింది. రేపు మీరు గేటు కాడ. గెస్టులు కారు దిగ్గానే కొట్టాల."

"అదేంది సార్, స్టేజీ అంటిరే?"

"గేటు కూడా స్టేజీ లాంటిదే లేవయ్యా."

సముద్రపు తేమకి పలకల తోళ్లు అప్పటికే జావగారిపోయాయి. సెగ చూపించకపోతే పలక మూగదై పోతుంది. జట్టువాళ్లు నాలుగు తాటాకులు పోగేసి అంటించారో లేదో, రవి కుమార్ వచ్చి బూటుతో మంట మీదికి ఇసక తన్నాడు. "ఫైర్ పర్మిషన్ లేదు. ఫైబర్వి కొనుక్కోలేరా? ఏ కాలంలో ఉండారు మీరు?"

తల తిప్పితే స్టేజీ వెనకాల ఇనప తొట్టిలో సరుగుడు కట్టెలు చక్కగా మండుతున్నాయి. గినీ నించి వచ్చిన మమదు తన డోలుని దాని దగ్గర పెట్టి కాస్తున్నాడు. కింద సన్నం, పైన వెడల్పు, మేకతోలు కప్పిన చెక్క డోలు. అతిథి అడిగితే నిప్పుకి పర్మిషను ఎక్కడినించో పుట్టుకొచ్చిందన్నమాట. మమదు ఇదంతా చూశాడు. లేచొచ్చి జయకుమార్ పలక మీద వేలితో కొట్టి, మొహం చిట్లించి, చెయ్యి పట్టుకుని మంట దగ్గరికి లాక్కుపోయాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలీదు. తోలు ఎంత కాగిందో మాత్రం ఇద్దరూ చెవి పెట్టే చూశారు.

నెల్లూరు కాలేజీ పిల్ల లిల్లీ మమదుకి మాటలు మార్చి చెబుతోంది. "వాళ్ల ఊళ్లో మనిషి పోతే డోలు మోగుతుందంట అన్నా. విన్నోళ్లంతా పని ఆపి వస్తారంట. మీ కాడ కూడా అంతేనా అంటున్నాడు."

"మా కాడా అంతే," అన్నాడు జయకుమార్.

అప్పుడు వచ్చాడు పెంచలకృష్ణ. రొయ్యల గుంటల ఆసామి. బీచిలో రిసార్టు కట్టబోతున్నాడు, ఈ పండగ అతని ఖర్చు. వాడలో సగం మంది అతని గుంటల్లో, ఇంకో సగం అతని రొయ్యల షెడ్డులో పని. కేకలు వేసే రకం కాదు. భుజం మీద చెయ్యి వేస్తాడు, తియ్యడు.

"జయకుమారా, నిన్ను గేటు కాడ నిలబెట్టడం నాకే బాగాలేదబ్బయా. రేపు ఆఖరి ఐటం నీదే, పావుగంట. నాకొక చిన్న పని చేసి పెట్టు. సాయంత్రం మీ వాడలో దండోరా వెయ్యి. సమాధుల తోట కాలవ అవతలికి మారింది, అందరూ సర్దుకోవాల అని. నువ్వు చెప్తే యింటారు."

"అవతల ఉప్పు కయ్య గదన్నా. జానెడు తవ్వితే నీళ్లు పడతాయి."

"సచ్చినోళ్లకి జలుబు చేస్తదా ఏంది?"

జయకుమార్ తల ఊపాడు. అవును, ఊపాడు. దాచిపెట్టి ఏం లాభం? మనవాళ్లు తల వంచిన చోట్లు వదిలేసి, తల ఎత్తిన చోట్లే ఏరుకుని చెప్పుకుంటే అది పోరాటం కథ కాదు, పెళ్లి ఆల్బం.

సాయంత్రం అయిదింటికి ఏసు గుడి రేకుల షెడ్డు ముందు నిలబడి దండోరా దెబ్బ మూడుసార్లు కొట్టాడు. వాడంతా బయటికొచ్చింది. పలక దించేశాడు.

"ఆపినావే మామా? చెప్పు," అన్నది అబిగయీలు. పెంచలకృష్ణ షెడ్డులో రొయ్యలు ఒలిచే నలభై మంది ఆడవాళ్లకి ఆమే నోరు. "పెంచలకృష్ణ ఏమి చెప్పమన్నాడో మాకూ తెలవాల గదా."

జయకుమార్ అంతా చెప్పేశాడు. స్టేజీ సంగతి, దండోరా సంగతి, పొద్దున ఆగకుండా పోయిన సంగతి. తిట్లు బాగానే పడ్డాయి. ఒకాయన చెప్పు తీశాడు కూడా.

"ఆ మనిషిని కొట్టి ఏం చేస్తారు, రేపటి సంగతి చూడండి," అన్నది అబిగయీలు.

అర్జీ ఇద్దామన్నారు కొందరు. మూడు సోమవారాలు అర్జీలిచ్చి వచ్చాం, తాసిల్దారు రికార్డులో అది బంజరు అంటున్నాడు అన్నారు ఇంకొందరు. గుంటల్లో పని ఆపేద్దాం, రేపు రొయ్యలు పట్టే రోజు, ఒక్క పూట వల లాగకపోతే అతనికే తెలిసొస్తుంది అన్నాడు ఒక కుర్రాడు. ఆపితే ఎల్లుండి పనెవడిస్తాడురా, నీ బాబిస్తాడా అన్నది వాళ్లమ్మ.

"సావు పలక కొడదాం," అన్నాడు జయకుమార్.

చెప్పు తీసినాయన దాన్ని మళ్లీ కాలికి తొడుక్కున్నాడు.

చావు పలక అంటే ఆ తీరంలో తెలియనివాళ్లు లేరు. ఆ దెబ్బ వినపడితే ఇంటికొకరు చేతిలో పని వదిలి రావాలి. నాట్లలో ఉన్నా, గుంటలో ఉన్నా, పడవ మీద ఉన్నా రావాలి. ఆసామి ఆపడానికి లేదు, కూలి కొయ్యడానికి లేదు. వాళ్ల తాతల కాలం నించీ కూలివాళ్లు నిలబెట్టుకున్న హక్కు అదొక్కటే.

గుడి సంఘపెద్ద యెహోషువ లేచాడు. డెబ్భై ఏళ్ల మనిషి. ఒకప్పుడు ఇస్సాకు పక్కన పలక కొట్టినవాడే, దేవుడి సేవలో పలక కూడదని వదిలేసి ఇరవై ఏళ్లయింది. "శవం లేకుండా సావు పలకా? ఏం మాటలయ్యా అయి? ఎవరి సావు కోరి కొడతావు? ఇంకోటి. ఆ దెబ్బ మొదలుపెడితే సమాధి గుంటలో మట్టి పడేదాకా ఆపకూడదు. చెయ్యి నొప్పి పుడితే ఇంకో చెయ్యి అందుకోవాల. మట్టి యాడ పోస్తావు రేపు? ఎవరి మీద పోస్తావు?"

ముసలాయన మాటలో న్యాయం ఉంది, అదే చిక్కు.

మగ్దలీనమ్మ జనంలోంచి నడిచొచ్చి చేతుల్లో మూటని అరుగు మీద పెట్టి విప్పింది. పాత చీరలో ఎముకలు. పొద్దుటి నించీ జేసీబీ వెనకాల ఏరుకుంది. "శవం లేదని ఎవరన్నారు పెద్దయ్యా? ఈయన ఒకసారి జెరమొచ్చి పోయినాడు. మళ్లీ ఈ పొద్దు పోయినాడు. మొదటిసారి నువ్వే ప్రార్థన చేసినావు. రెండోసారికి పలక కూడా వొద్దంటావా?"

యెహోషువ ఆ చీర అంచు సర్ది ఎముకలు కప్పాడు. తర్వాత కూర్చున్నాడు. వద్దనలేదు, సరేననలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి జయకుమార్ జట్టు స్టేజీ ఎక్కింది. రవి కుమార్ ఇచ్చిన జరీ చొక్కాలు కిందే వదిలేశారు. ముందు వరసలో పెంచలకృష్ణ, అటూ ఇటూ పెద్దమనుషులు. దండోరా పడిందనే అతని ధీమా. ఇన్నేళ్లూ కలగన్న చోటు ఇది, ఈ పావుగంట అయ్యాక ఈ చోటు మళ్లీ దొరకదు. ఆ సంగతి తెలిసే పలక పుల్ల ఎత్తాడు.

మొదటి దెబ్బలకి జనం చప్పట్లు కొట్టారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. పట్నం వాళ్లకి అది చావు పలకని ఎలా తెలుస్తుంది? పెంచలకృష్ణకి తెలుసు. అతని మొహం నల్లబడింది.

"రేయ్, ఆ దెబ్బ మార్చమను," అన్నాడు రవి కుమార్‌తో.

అప్పటికే ఆలస్యమైంది. సరుగుడు తోట వెనక గుంటల్లో వలలు నీళ్లలోనే వదిలేసి మొలదాకా తడిసిన మనుషులు వస్తున్నారు. షెడ్డులోంచి ఆడవాళ్లు చేతులకి రొయ్యల పొట్టుతోనే, ప్లాస్టిక్ తొట్లు చంకన పెట్టుకునే వస్తున్నారు. అరుంధతివాడ వాళ్లే కాదు. దెబ్బ విన్నవాళ్లందరూ ఎవరు పోయారో చూద్దామని వస్తున్నారు. యానాదుల సంఘం కాలనీ నించి, బెస్తపాళెం నించి, మాలపల్లె నించి. అందరికంటే ముందు మగ్దలీనమ్మ, చేతుల్లో మూట.

"ఎవరు పోయినారు?" అని అడిగాడు బెస్తాయన ఒకడు.

"మా తోటలో ఉన్నోళ్లంతా," అన్నది అబిగయీలు. మెట్లెక్కి మైకు అందుకుంది. "కార్లలో వచ్చినోళ్లు ఒకసారి పొయ్యి చూసుకోండి. మీ టైర్ల కింద మా జేజెమ్మలుండారు. ఆ కార్లు తియ్యండి. ఆ నేల మాదని రాసియ్యండి. మా ఎముకలు మా గుంటల్లో పెట్టి మట్టి పొయ్యండి. అప్పుడే ఈ దెబ్బ ఆగేది."

మైకు పోయింది. రవి కుమార్ మమదు దగ్గరికి పరిగెత్తాడు. మళ్లీ మొదలుపెట్టండి, గట్టిగా కొట్టండి, ఈ గోల వినపడకూడదు అన్నాడు. లిల్లీ ఆ మాటా చెప్పింది, మూటలో ఏముందో అదీ చెప్పింది, పక్క జట్లకీ చెప్పింది. మమదు తన డోలుని నేల మీద పెట్టి, దాని మీద కూర్చుని, చేతులు కట్టుకున్నాడు. చెండవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పన్నెండు మందీ కర్రలు కింద పెట్టారు. జపాన్ వాళ్లలో పెద్దావిడ వంగి దణ్ణం పెట్టి తన వాళ్లని పక్కకి తీసుకుపోయింది. డబ్బిచ్చి పిలిచినంత మాత్రాన ఇంకో కూలివాడి గొంతు నొక్కడానికి వాళ్ల చేతులు రాలేదు.

పోలీసులు స్టేజీ ఎక్కారు. జట్టు చేతుల్లో అయిదు పలకలూ లాక్కుని, జయకుమార్‌ని మెడ పట్టుకుని మెట్ల మీదికి తోశారు. దెబ్బ తెగిపోతుందనుకున్న క్షణంలో కింద ఇంకో పలక అందుకుంది. చూస్తే తన పాత పలకతో యెహోషువ. ఇరవై ఏళ్లు పుల్ల ముట్టని చెయ్యి, ఒక్క దెబ్బ తప్పలేదు. ముసలాయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆ పలకా లాక్కున్నారు. ఆడవాళ్లు రొయ్యల తొట్లు బోర్లించి వాటి మీద దెబ్బ అందుకున్నారు. పోలీసులు తొట్లు తన్నేస్తే బెస్తవాళ్లు తెడ్లతో పడవ చెక్కల మీద అదే దెబ్బ అందుకున్నారు. పెద్దమనుషులు కార్ల కోసం పరిగెత్తి, ఎక్కడ పెట్టారో గుర్తుకొచ్చి, ఆ నేల మీద అడుగు వెయ్యడానికి జంకి ఆగిపోయారు. జయకుమార్‌ని, అబిగయీలుని, ఇంకో తొమ్మిది మందిని వ్యానులో పడేశారు. వ్యాను వెనకాల దెబ్బ నడుచుకుంటూ వచ్చింది.

తెల్లారి పదింటికి ఎస్సై జయకుమార్‌ని గదిలోకి పిలిపించాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కన తాసిల్దారు, ఆయనా నిద్ర లేని మొహమే. గుంటల్లో వల లాగేవాడు లేడు, షెడ్డుకి తాళం.

"ఏందయ్యా ఇది? ఈ మోతకి స్టేషన్ ముందర ఫోన్ మాట్లాడేదానికి లేదు. నువ్వు పొయ్యి ఆపమని చెప్పు. నిన్ను ఇప్పుడే వదిలేస్తా, కేసు కూడా లేదు."

"నేను చెప్తే ఆగేది గాదు సార్. మట్టి పడాల," అన్నాడు జయకుమార్. "తాసిల్దారు సారు వచ్చి కొలత వేసి, మా తోట అని రాసి, మొదటి పిడికిలి ఆయనే పొయ్యాల."

"అప్పటిదాకా?"

జయకుమార్ కిటికీ వైపు చెవి పెట్టాడు. బయట దెబ్బ చెయ్యి మారింది. ఈ మండలంలో పలక పట్టే చెయ్యి ప్రతిదీ అతనికి తెలుసు. ఎవరి దెబ్బ బరువో, ఎవరిది తడబడుతుందో, ఎవరు మధ్యలో ఊపిరి పీలుస్తారో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇప్పుడు కొడుతున్న చెయ్యి కుదురుగా లేదు, కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి. కానీ ఆపడం లేదు. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకా ఎన్నో ఉన్నాయి.

"ఎవరు వాళ్లు? మీ వాడోళ్లేనా?" అన్నాడు ఎస్సై.

జయకుమార్ ఇంకాసేపు విన్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

"వీళ్లెవరో నాకు తెలవదు సార్."