ముందు దాటించిన సంచి

అరుణ్‌కుమార్ మంచం మీద సంచి తెరిచి పెట్టుకుని సర్దుకుంటున్నాడు. గడప పక్కన పీట వేసుకుని వాళ్ల అమ్మమ్మ వజ్రమ్మ చూస్తోంది. ఇంట్లో ఎవరు సంచి సర్దినా ఆమెకు పడదు. వెనకటికి పోచంపల్లిలో మగ్గం ఆగిపోయినప్పుడు భీవండి మరమగ్గాల్లో పని ఉందని విని బయలుదేరిన మొగుడికి ఆమే సంచి సర్ది ఇచ్చింది. సంచి ఒక్కటే ఇల్లు చేరింది, ఎవరో తెలియని మనిషి భుజాన వేసుకుని తెచ్చాడు. అప్పటినుంచి ఆమెకు సంచులంటే నమ్మకం లేదు.

ఈ సంచిలో ఏముందో మాత్రం ఆమెకు బాగా తెలుసు. అడుగున పాత పేపర్లలో చుట్టిన రెండు సవరాలు, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. నడుము నిండుగా కనబడడానికి కోసి పెట్టుకున్న స్పాంజి ముక్కలు. మగవాడి పాదం పట్టేటంత ఎత్తు మడమల చెప్పులు. పైన వజ్రమ్మ పెళ్లినాటి ఎర్రంచు పట్టుచీర. అది ఆమే బీరువాలోంచి తీసి ఇచ్చింది.

టీవీలో కొత్త పోటీ ఒకటి మొదలవుతోంది. మగవాళ్లు ఆడవేషం కట్టుకుని ఆడాలి, పాడాలి, జనాన్ని నవ్వించాలి, ఎవరి వేషం వాళ్లే తయారుచేసుకోవాలి. డ్రాగ్ అంటారట దాన్ని. తెలుగులో ఇదే మొదటి సీజన్. వారానికొకరు పోటీలోంచి తప్పుకుంటూ పోగా చివరికి మిగిలినవాళ్లకు కిరీటం పెడతారు. షూటింగ్ జరిగేది ఏ బొంబాయిలోనో కాదు, హయత్‌నగర్ దాటాక ఉన్న ఒక స్టూడియోలో. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సిటీ బస్సు పోయేంత దూరం. కానీ లోపలికి వెళ్లిన రోజే ఫోన్లు తీసుకుంటారు, షూటింగ్ అంతా ముగిసేదాకా ఎవరినీ బయటికి పంపరు. వజ్రమ్మ లెక్కలో ఫోన్ కలవని చోటు ఎంత దగ్గరైనా పరదేశమే.

అరుణ్ తల్లి వాసంతి అమ్మాయిల హాస్టల్లో వంట చూసుకుంటుంది. భర్త పోయాక కొడుకును ఒంటిచేత్తో పెంచింది. సంగతి తెలిశాక రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు కొడుకు జాకెట్టు చంకల దగ్గర బిగుతుగా ఉందని తానే విప్పి కుట్టింది. ఇక చెప్పాల్సింది వజ్రమ్మ తమ్ముడు ఆనందానికి. ఎల్బీనగర్‌లో ఉంటాడు, ఇంటికి మగదిక్కు అతనే. అరుణ్‌కు బట్టల దుకాణంలో పని ఇప్పించిందీ అతనే. వాడు టీవీలో చీరల ప్రోగ్రాంకు పోతున్నాడని వజ్రమ్మ తమ్ముడికి చెప్పింది. చీరలుంటాయి కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఆమెను పీడిస్తున్నది ఇంకొకటి. స్టూడియోవాళ్లు సోమవారం రమ్మన్నారు. హయత్‌నగర్ తూర్పున ఉంది. సోమవారం తూర్పుకు వారశూల, ఆ రోజు ఆ దిక్కుకు ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. దీనికి పెద్దలు చూపిన దారి ఒకటుంది. మనిషి బయలుదేరే రోజు మంచిది కాకపోతే, ముందే మంచి గడియలో అతని సంచిని పోవలసిన దిక్కుగా ఇంకొకరి ఇంటికి దాటిస్తారు. దాన్ని ప్రస్థానం అంటారు. సంచి దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తూర్పు దారిలో ఉన్న అయినవాళ్ల ఇల్లు ఆనందానిదే.

ఆనందం తాత ఇంట్లో వద్దని అరుణ్ చాలాసేపు బతిమాలాడు. సంచి దాటకపోతే తాను ముద్ద ముట్టనని అమ్మమ్మ మొండికేసింది. జిప్పు సరిగా పడని ఆ సంచిని చీర అంచు పీలికతో గట్టిగా కట్టి, ఆదివారం పొద్దున్నే ఆటోలో తీసుకుపోయి ఆనందం ఇంట్లో దింపి, వాడు అటునుంచటే దుకాణానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తిని నడుం వాల్చిన వజ్రమ్మకు తమ్ముడి ఫోన్ వచ్చింది.

"అక్కా, పోరడు పోతుండు గదా అని కారప్పూస డబ్బా పెడదామని సంచి ఇప్పిన. దీంట్ల ఆడమనిషి జుట్టున్నది."

వజ్రమ్మ లేచి కూర్చుంది. ఆనందం గొంతు పెంచలేదు. వచ్చి సంచి తీసుకుపొమ్మని మాత్రం అన్నాడు. ప్రేమతో విప్పాడు, అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. అనుమానపడి విప్పి ఉంటే తిట్టడానికైనా వీలుండేది.

వాసంతి హాస్టల్లో ఉంది, అరుణ్‌కు దుకాణంలో ఆదివారం గిరాకీ. వజ్రమ్మ ఒక్కతే మెట్రో ఎక్కింది. కదిలే మెట్లంటే భయం కాబట్టి మోకాళ్ల నొప్పితోనే మామూలు మెట్లు ఎక్కి, దిగి, ఎల్బీనగర్ చేరింది.

ఆనందం సంచిని వరండాలో పెట్టి దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మరదలు మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. దాచే పని లేదు గనుక వజ్రమ్మ అంతా చెప్పింది. పోటీ ఏమిటో, వాడు ఏం చేస్తాడో, వాసంతికి తెలుసని కూడా. అంతా విని ఆనందం సంఘం మాట ఎత్తాడు. నాలుగు పెళ్లిళ్లకు పోతే నలుగురు అడుగుతారు, ఏమని మొహం చూపించాలన్నాడు. వాడిని ఎత్తుకుని తిప్పిన చేతులివి అన్నాడు. ఆ మాటకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

బట్టల దుకాణంలో ఇదివరకు ఆనందం చేసిన పని ఏమిటో ఊరందరికీ తెలుసు. చీర అందం మడతలో తెలియదు. అందుకని కౌంటర్ వెనక నిలబడి ప్యాంటు మీదే కుచ్చిళ్లు దోపుకుని, పైట భుజాన వేసుకుని, అటు ఒకసారి ఇటు ఒకసారి తిరిగి చూపించేవాడు. పెళ్లి చీరలకు వచ్చినవాళ్లు ఆనందం ఖాళీ అయ్యేదాకా కూర్చునేవారు. అరుణ్ ఆ పని నేర్చుకున్నది అతని దగ్గరే.

"తమ్మీ, నువ్వు చుట్టుకుంటే బేరం, వాడు చుట్టుకుంటే పరువు పోయెనా?" అంది వజ్రమ్మ.

"నాకు మీసముండె అక్కా. కింద ప్యాంటుండె. నన్నెవ్వలన్న ఆడమనిషి అనుకున్నరా?"

"గా తేడా నాకు సమజ్ కాదు."

"అందరికి సమజ్ అయితది." ఆనందం లేచి నిలబడ్డాడు. "పోతనంటే పోనియ్యి. మళ్ల ఇంటికి రానియ్యకు. వాడొచ్చిన ఇంటికి నేను రాను."

ఆ మాట ఊరికే అనలేదని అక్కకు తెలుసు. చిన్నప్పటినుంచీ అంతే, కోపంలో అన్నదీ నెమ్మదిగా అన్నదీ ఒకేలా నిలబెట్టుకుంటాడు. అమ్మ మగ్గం గుంటలో కూర్చుంటే వీడిని చంకన వేసుకుని తిరిగింది తాను. వీడిని వదులుకోవడమంటే చెయ్యి నరుక్కోవడమే. కానీ రావద్దని ఒక్క మాట అన్నామంటే అరుణ్ నిజంగానే రాడు. పోటీ ఎంపికల్లో పరిచయమైన బెంగళూరు స్నేహితుడు ఒకడు తన గదిలో చోటుందని ఇప్పటికే చెప్పి పెట్టాడట. వాడికి పోవడానికి చోటుంది, రావడానికి ఇల్లుంటే చాలు. వజ్రమ్మ నీళ్లగ్లాసు కింద పెట్టింది.

"వాడొస్తడు తమ్మీ. తలుపు తీసే ఉంటది. నీకు గూడ."

సంచి భుజానికి ఎత్తుకోలేక ఈడ్చుకుంటూ మెట్లు దిగింది. ఆనందం ఆపలేదు.

రోడ్డు మీదికి వచ్చాక కొత్త చిక్కు పట్టుకుంది. దాటించిన సంచి వెనక్కి ఇల్లు చేరకూడదు, ప్రయాణం చెడుతుంది. పెట్టుకోవడానికి ఇక్కడ ఇంకెవరూ లేరు. రింగ్‌రోడ్డు దగ్గర మెట్రో స్తంభం నీడలో కూర్చుని, సంచిని ఒళ్లో పెట్టుకుని, అది పడమటి వైపు ఒక్క అడుగు జరగకుండా రెండు చేతులా పట్టుకుంది. అరుణ్‌కు ఫోన్ చేసింది. దుకాణంలో ఏం చెప్పి వచ్చాడో గాని గబగబా వచ్చాడు. అమ్మమ్మ మొహం చూడగానే వాడికి సగం అర్థమైపోయింది. తాత ఏమన్నాడని అడిగాడు. ఇంకెవరి నోటి వెంటో వినడం కంటే నయమని ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వాడు సంచి పీలిక ముడి మళ్లీ బిగించాడు.

"మరి నేను రావాల్నా, వద్దా అమ్మమ్మా?"

"రావాలె. గెలిచి రా, ఓడి రా, ఇంటికి రా."

వాడు స్టూడియోకి ఫోన్ చేశాడు. గదులు సిద్ధంగానే ఉన్నాయి, ఒకరోజు ముందు వచ్చినా పర్వాలేదన్నారు. ఈ మాట ముందే అడిగి ఉంటే ఆదివారమే మనిషినే పంపేవాళ్లం, సంచి దాటించే పనే ఉండేది కాదని వజ్రమ్మకు అప్పుడు తట్టింది. ఇంట్లో ఎవరికీ తట్టలేదు. హయత్‌నగర్ బస్సు వచ్చింది. అరుణ్ సంచితో ఎక్కాడు. జనం తోసుకోవడంలో అటు తిరిగి నిలబడ్డవాడు ఇటు తిరగలేదు. పోయొస్తా అన్నాడో లేదో ఆమెకు వినపడలేదు.

ఆ వినపడని మాట ఆమెను వారాల తరబడి కాల్చుకు తింది. వెళ్లిన మనిషి వెనక ఇల్లు ఊడవకూడదని వాసంతిని రెండు రోజులు చీపురు పట్టనివ్వలేదు. బతుకమ్మ ఆడడానికి పొరుగువాళ్లు పిలిస్తే మోకాళ్ల నొప్పి అంది. ఓడిపోయి సిగ్గుపడి బెంగళూరు పోయాడేమో, గెలిచి ఇంకెక్కడికో పోయాడేమో. ఏ దారి ఆలోచించినా ఆ చివర వాడు ఉండేవాడు కాదు. షూటింగ్ అయితే ఫోన్ ఇస్తారమ్మా, తప్పిపోయిండని కేసు పెట్టేటట్టు చూస్తున్నవేంది అని వాసంతి విసుక్కునేది. తాను మాత్రం హాస్టల్ పొయ్యి దగ్గర నిలబడి ఫోన్ ఎన్నిసార్లు చూసుకునేదో.

దసరా పోయి, దీపావళి ఇంకా రాని రోజుల్లో ఒక పొద్దున వజ్రమ్మ వాకిట్లో డ్రమ్ములకు నీళ్లు పడుతోంది. గేటు చప్పుడైంది. నీళ్ల కోసం పక్కింటి కిరాయివాళ్లు వచ్చారనుకుని పైపు అటు చాపింది. ఎదురుగా అరుణ్ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. కనుబొమలు సన్నగా ఉన్నాయి. ఆమె చేతిలోంచి పైపు జారి, నీళ్లు వాకిలంతా పారాయి. వాడి రెండు చేతులూ పట్టుకుని, తరవాత మొహం తడిమి, అప్పుడు గానీ లోపలికి రమ్మనలేకపోయింది.

వాడు కూర్చుని చెప్పులు విప్పాడు. పాదాల నిండా పొక్కులు, మానినవి కొన్ని, మాననివి కొన్ని. వజ్రమ్మ కొబ్బరినూనె తెచ్చి రాసింది. ఎవరు గెలిచారో టీవీలో వచ్చేదాకా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారట. అది ఆమె అడగలేదు, వాడే చెప్పాడు. బెంగళూరు స్నేహితుడు నిన్న స్టూడియో గేటు దగ్గర ఇంకోసారి పిలిచాడని, ఆలోచించి చెప్తానన్నానని, రాత్రంతా ఆలోచించానని చెప్పాడు.

"మరి?" అంది వజ్రమ్మ.

"ఓడిపోయినా రమ్మంటివి గదా."

అనేసి నాలుక కరుచుకున్నాడు. వజ్రమ్మ విననట్టు రెండో పాదం పట్టుకుంది. గుండెల మీద ఇన్నాళ్లు కూర్చున్న బరువు ఎప్పుడు లేచిపోయిందో ఆమెకే తెలియలేదు. నిద్ర మాత్రం ఆ మధ్యాహ్నమే వచ్చింది, మనవడు పక్క గదిలో గురకపెడుతుంటే.

కొత్త సంవత్సరంలో పోటీ టీవీలో మొదలైంది. వాసంతి పనిచేసే హాస్టల్ హాల్లో పెద్ద టీవీ ఉంది. పరీక్షలకు చదువుకునే అమ్మాయిలందరూ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. వజ్రమ్మకు ముందు వరసలో కుర్చీ. గుంటూరు నుంచి వచ్చిన అలేఖ్య అనే అమ్మాయికి అరుణ్ అంటే ప్రాణం. "మీ మనవడి నడుం చూస్తుంటే మాకు కుళ్లుగా ఉందండీ మామ్మగారూ" అనేది. అది స్పాంజి అని చెప్పాలా వద్దా అని వజ్రమ్మ ప్రతి వారం తటపటాయించి ఊరుకునేది.

నాలుగో వారం నవ్వించే పోటీ పెట్టారు. అరుణ్ వజ్రమ్మ ఎర్రంచు చీరలో, ఎర్ర సవరంతో వచ్చాడు. వేదిక మీద ఒక బల్ల, దాని వెనక వాడు. ఒకసారి బల్లకు ఇవతలకు వచ్చి ఏ రంగూ నచ్చని పెళ్లికూతురి తల్లి అయ్యేవాడు, అవతలకు పోయి దుకాణంలో సేల్స్‌మాన్ అయ్యేవాడు. గొంతు సవరించుకోవడం, పైటను మోచేతి మీదినుంచి ఒక్క విసురుతో పరచడం, తిరిగేముందు గడ్డం కొంచెం పైకెత్తడం. అచ్చంగా ఆనందం. ఎక్కడా వెక్కిరింత లేదు. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. వజ్రమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ విసురు నేర్చుకోవడానికి తమ్ముడు తమ ఇంట్లో దుప్పటితో ఎన్నిసార్లు తిప్పలుపడ్డాడో ఆమె చూసింది.

తరవాత పాటకు నడిచేటప్పుడు వాడి మడమ మెలికపడింది. ఆ వారం తప్పుకున్నది వాడే. అమ్మాయిలు ఉసూరుమన్నారు. అలేఖ్య ముక్కు చీదింది. గెలిచి ఉంటే ఊరూరా తిప్పేవారని, ఓడడమే మేలయిందని వజ్రమ్మ అనేసరికి అందరూ ఆమె మీద పడ్డారు. ఆమె నవ్వుతూ తిట్లు తింది. ఆ వారం నుంచే దుకాణానికి అరుణ్‌ను చూడడానికి జనం రావడం మొదలైంది. యజమాని వాడిని ముందు కౌంటర్‌కు మార్చాడు. వేరే ఊళ్లలో ప్రదర్శనలకు పిలుస్తున్నారు. శుక్రవారం పోయి ఆదివారానికి వస్తున్నాడు. వజ్రమ్మకు అది అలవాటయింది.

ఆ నాలుగో వారం ప్రోగ్రాం మర్నాడు ఆమె తమ్ముడి ఇంటికి ఫోన్ చేసింది. మరదలు ఎత్తింది. మొత్తం చూశాడని, అయిపోయాక టీవీ కట్టేసి పడుకున్నాడని, ఏమీ అనలేదని చెప్పింది. తలుపు తీసే ఉందని మళ్లీ చెప్పమంది వజ్రమ్మ. చెప్పానని మరదలు రెండుసార్లు ఫోన్ చేసింది. అరుణ్ ఒకసారి ఎల్బీనగర్ పోయి, వరండాలో కాసేపు కూర్చుని, టీ తాగి వచ్చాడు. తాత లోపలి గదిలోంచి రాలేదు.

సంచి దాటించిన ఆ భాద్రపదానికి ముందు నెల, రాఖీ పున్నమి నాడు, ఆనందం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి అక్క చేత రాఖీ కట్టించుకుని అన్నం తిని వెళ్లాడు. అదే ఆఖరు. ఆ తరవాత రెండు రాఖీ పున్నములు వెళ్లాయి. ఆనందం మళ్లీ రాలేదు.