కంపెనీ పడవ

కామాక్షయ్య పడవ అడుగున చేరిన నీళ్లను మగ్గుతో తోడిపోస్తూ మస్తాన్ వైపు చూశాడు. మస్తాన్ ఒడ్డున అటు తిరిగి ఫోన్లో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నాడు. బావ చూస్తున్నాడని తెలియగానే ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి పడవను నెట్టాడు.

మస్తాన్ కామాక్షయ్య భార్య నాగులమ్మకు తమ్ముడు. మీసాలు రాకముందు నుంచీ బావ పడవలోనే ఉన్నాడు. ఇద్దరూ ఇప్పుడు చేపలకు పోవడం లేదు. ఒడ్డున షెడ్డు వేసుకున్న ఒక చిన్న కంపెనీ రాకెట్ ఇంజనుతో ఎగిరే విమానాన్ని తయారు చేస్తోంది. మనిషి లేకుండా ఎగిరేది. రెక్కలు చాపితే పడవంత. మొదటిది లేవకముందే నేలమీద కాలిపోయింది. తరవాతది లేచి, గిరికీలు కొట్టి సముద్రంలో ముక్కలైంది. ఆ ముక్కల్ని ఏరి తేవడంతో కామాక్షయ్యకు కొలువు మొదలైంది. ఎండకు కమిలిన వీపు, ఉప్పుకు పగిలిన వేళ్లు, మాట్లాడేటప్పుడు ఒక కన్ను చిట్లించే అలవాటు. షెడ్డులో అందరికీ అతను ‘పడవాయన’. పేరు పెట్టి పిలిచేది ఇంజనీరు నరేంద్రబాబు ఒక్కడే.

ఆ ఉదయం విమానం నిప్పు కక్కుతూ లేచింది. ఈసారి గిరికీలు లేవు. మబ్బు అంచు దాకా పోయాక మంట ఉన్నట్టుండి ఆరిపోయింది. పారాచూట్ విచ్చుకుని విమానం నీళ్లలో దిగింది. మస్తాన్ దూకి, దాని అవతలి పక్కకు ఈది, తాడు కట్టాడు. తిరిగి రావడం కొంచెం ఆలస్యమైంది. తడిసిన పారాచూట్‌ను ఇద్దరూ ఉండలా చుట్టి పడవలో పడేశారు.

షెడ్డులో చూస్తే విమానం పొట్టకున్న తలుపు ఊడిపోయి ఉంది. లోపలుండే అరచేయంత నారింజరంగు పెట్టె లేదు. మంట ఎందుకు ఆరిందో చెప్పేది ఆ పెట్టే. అది లేకుంటే ఎగరేసినా ఎగరేయనట్టే. నరేంద్రబాబు గొంతు పెంచలేదు. ఇలాంటివి కొనేవాళ్లు ఉంటారన్నాడు, ఎటో చూస్తూ.

“దాని దగ్గరికి పోయింది మీ బామ్మర్ది ఒక్కడే కదా, కామాక్షయ్యా.”

పడవ దగ్గరికి తిరిగొచ్చేలోపు కామాక్షయ్య మనసులో ఉదయం ఫోను, నీళ్లలో ఆలస్యం, ఈమధ్య మస్తాన్ చెప్పకుండా సూళ్లూరుపేట పోయి రావడం, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

“లోపలి పెట్టె తీసుంటే ఇచ్చెయ్‌రా. నీళ్లలో దొరికిందని నేను చెప్తా.”

పడవ కట్టేస్తున్న మస్తాన్ చేతులు ఆగాయి.

“నేను తీసినానని నీకనిపించిందా బావా?”

మస్తాన్ ముడి బిగించి, ఒకసారి లాగి చూసి, ఇంటివైపు నడిచాడు.

సాయంత్రం షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. పారాచూట్‌ను మంచినీళ్లలో జాడిస్తుంటే మడతల్లో పెట్టె దొరికిందట. ఏమీ అనుకోవద్దనీ, రేపు ఇద్దరూ రావాలనీ చెప్పాడు నరేంద్రబాబు.

కామాక్షయ్య గబగబా ఇంటికి పోయాడు. నాగులమ్మ గడపలో కూర్చుని ఉంది.

“కృష్ణపట్నం పోర్టులో పనికి రమ్మని ఎప్పట్నుంచో ఫోన్లు చేసి పిలస్తా ఉండారంట. సూళ్లూరుపేటలో ఉండే వాళ్ల మేస్త్రీ దగ్గరికి పోయి, రానని చెప్పి కూడా వచ్చినాడంట. బావని ఒక్కణ్ణే సముద్రంలోకి ఎట్టా పంపేదని. ఈ పొద్దేమో గుడ్డలు సర్దుకుని బస్సెక్కినాడు.”

ఎందుకు పోతున్నాడో తమ్ముడు ఆమెకు చెప్పలేదు. కామాక్షయ్య కూడా చెప్పలేకపోయాడు. ఫోన్ చేశాడు. మస్తాన్ ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా ఒడ్డుకు పోయి, పనేమీ లేకున్నా పడవ ఎక్కాడు. ముందు పలక కింద, ఎండ తగలని చోట, మస్తాన్ సద్ది గిన్నె ఉంది. మూతకు చుట్టిన గుడ్డ ముడి విప్పనేలేదు.