నాలుగో నంబరు ఆటగాడి విలువ

శశికాంత్ వీడియోని మళ్లీ వెనక్కి తిప్పాడు. ఎదుటి జట్టు కుర్రాడు పక్‌ని, ఆ నల్ల రబ్బరు బిళ్లని, కర్రతో తోసుకుంటూ మంచుమీద దూసుకొస్తున్నాడు. నాలుగో నంబరు ఆటగాడు నెమ్మదిగా జరిగి అడ్డంగా నిలబడ్డాడు. కుర్రాడికి దారి దొరకలేదు. చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది.

షామ్‌బర్గ్ దగ్గరి ఈ చిన్న ఐస్ హాకీ క్లబ్‌లో ఆటల వీడియోలు కత్తిరించి పెట్టడం శశికాంత్ పని. పదకొండేళ్లుగా అదే గది, అదే చలి, మోచేతుల దగ్గర పల్చబడ్డ అదే స్వెటర్.

నాలుగో నంబరు హర్షిత్‌ది. ఇక్కడికి దగ్గర్లోని అరోరాలో పుట్టిన తెలుగుపిల్లాడు, ఇప్పుడు ముప్పైయారేళ్లు. పన్నెండు సీజన్లలో కొట్టినవి తొమ్మిదే గోల్స్. డిఫెన్స్‌లో నిలబడి అవతలివాళ్లని కొట్టనివ్వకపోవడమే అతని బతుకు. ముందు పళ్లు రెండు ఆటలోనే రాలిపోయాయి. రెండు మోకాళ్లకీ ఆపరేషన్లయ్యాయి. మెట్లు పక్కకి తిరిగి ఒక్కొక్కటే దిగుతాడు.

క్లబ్బులు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఇవాళ మూడింటి వరకే గడువు. పొద్దున్నే మేనేజర్ ఒక్క ముక్క పంపాడు: హర్షిత్ వాల్యూ ఏమిటో ఒక పేజీ రాసివ్వు.

పదింటికి హర్షిత్ గుమ్మంలో నిలబడ్డాడు.

"అంకుల్, నా మీద ఏం రాస్తున్నావ్?"

"అంకులేంట్రా, నాకింకా యాభై నిండలేదు."

"ఓకే, అన్నా. కొంచెం మంచిగా రాయి. విద్యకి నెక్స్ట్ మంత్ డెలివరీ. ట్రేడ్ చేస్తే ఈ రోజే ఫ్లైట్ ఎక్కాలి."

"నీ మోకాళ్లు చూసి ఎవడు తీసుకుంటాడ్రా!"

హర్షిత్ నవ్వాడు గానీ, గుమ్మం వదల్లేదు. "ఇక్కడే ఫినిష్ చేస్తా అన్నా. ప్లీజ్."

శశికాంత్ ఇంట్లో విలువైన మనిషి అంటే వదులుకోకూడని మనిషి. వాళ్ల నాన్న నోట ఆ మాట ఎప్పుడు విన్నా అదే అర్థం. అలాగే రాశాడు. ఏమీ జరగనట్టుండే నలభై దృశ్యాలు వెతికి జతచేశాడు. హడావిడిపడ్డ కుర్రాళ్లు ముందుగా ఇతనివైపే చూస్తారని రాశాడు. మోకాళ్ల సంగతి సగం వాక్యంలో దాటేశాడు. తిండి మరిచిపోయాడు. ఇంకోసారి చదువుకుని మేనేజర్‌కి పంపేశాడు.

రెండున్నరకి మేనేజర్ వచ్చి భుజం తట్టాడు.

"అద్భుతంగా రాశావు శశీ. నీ పేజీ పంపగానే సియాటిల్ దగ్గరి క్లబ్ ఒప్పేసుకుంది. ఇద్దరు కుర్రాళ్లనిస్తున్నారు!"

"నేను... మనం ఉంచుకోవాలని రాశాను."

"ఉంచుకోవాలనిపించేవాణ్ణేగా ఎవరైనా అడుగుతారు?"

మేనేజర్ అడిగింది వెల. తను రాసింది విలువ. ఇంగ్లీషులో రెండూ ఒకటే మాట.

శశికాంత్ కిందికి వెళ్లేసరికి హర్షిత్ బ్యాగు సర్దుతున్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్. "విద్యా, ఏడవకు. డెలివరీకి వచ్చేస్తా. ఐ ప్రామిస్." ఫోన్ పెట్టేసి తలెత్తాడు.

"నీ పేజీ నాకూ చూపించారు అన్నా. నా గురించి ఇంతవరకూ ఎవరూ అంత రాయలేదు."

శశికాంత్ బ్యాగు అందుకోబోయాడు. హర్షిత్ వద్దని తలూపి, తనే భుజాన వేసుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. బయట టాక్సీ తలుపు పడిన చప్పుడైంది.

మధ్యాహ్నం ప్రాక్టీసులో హర్షిత్ పళ్లకి తొడుక్కున్న మౌత్‌గార్డ్ బెంచీమీదే ఉండిపోయింది. ఇంకా తడి ఆరలేదు. దానినిండా పళ్ల గుర్తులు, ముందు రెండుచోట్ల మాత్రం ఏ గుర్తూ లేదు.