తవుడుకు కొన్న కొడుకు

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, మా తమ్ముని కొడుకు రాజేశం పెద్దపల్లిలో రైలెక్కి మంచిర్యాలలోని నా ఇంటికి వచ్చాడు. భుజాన ఉన్న సంచి దించకముందే, "అత్తా, నాకు ఈత నేర్పియ్యాలె" అన్నాడు.

నాకు ముందు నవ్వు వచ్చింది. ఆ వెనకే భయం వేసింది. వాడు పుట్టినప్పుడు పంచాంగం చూసిన అయ్యగారు, ఈ పిల్లవాడికి జలగండం ఉంది, ఇరవై ఏళ్లు నిండేదాకా నీళ్లకు దూరంగా ఉంచండి అని చెప్పాడు. బాలింత మంచం పక్కన నేనే ఉన్నాను. వాడి తల్లి లస్మవ్వ ఆ మాటను కొంగున ముడి వేసుకుంది. కరీంనగర్‌లో తోటి పిల్లలు మోటబావిలో దూకుతుంటే, వీడు గట్టు మీద కూర్చుని వాళ్ల అంగీలకు కాపలా కాసేవాడు.

ఇప్పుడు ఈత ఎందుకని అడిగితే చెప్పుకొచ్చాడు. పరదేశంలో ఒక మిలిటరీ కాలేజీ ఉందట. బయటి దేశాల పిల్లలను కూడా కొందరిని తీసుకుంటారట. ఎన్.సి.సి. ఆఫీసరు చెబితే దరఖాస్తు పెట్టాడు. హైదరాబాదుకు పిలిచి మాట్లాడించారు, పరుగెత్తించారు, డాక్టరు చూశాడు. అన్నీ దాటాడు. ఇక మిగిలింది ఈత. వచ్చే నెల సికింద్రాబాదులో ఆఫీసర్ల ముందు ఈది చూపాలి. ఈత రాకపోతే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది.

"మీ బాపు ఏమన్నడు?" అని అడిగాను. మా తమ్ముడు షోలాపూర్ బట్టల మిల్లులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు.

"మీ అవ్వ సరేనంటే సంతకం పెడుత అన్నడు." మా దిక్కు తల్లిని అవ్వ అంటారు.

"మరి మీ అవ్వ?"

"అవ్వకు ఈత సంగతి చెప్పలే. పరదేశమంటే బొంబాయి దిక్కు అనుకుంటుంది."

"మంచిగుంది! లస్మికి చెప్పకుంట నిన్ను గోదావరిల దింపితే, నీ గండం సంగతి దేవుడెరుగు, నాకు మాత్రం గండమే."

రైల్వేలో పనిచేసే పక్కింటాయనతో కబురు పంపాను. మరునాటి బండికే లస్మవ్వ దిగింది. కాళ్లకు నీళ్లిస్తే పక్కకు పెట్టి కొడుకు ముందు నిలబడింది.

"మిలిటరీకి పోత అంటే అడ్డం పడ్డనా? తుపాకి పట్టుకుంట అన్నా ఊకున్న. నీళ్లల్ల దుంకుడు మాత్రం నా పానం పోయినా ఒప్పుకోను."

"ఈత రాకుంటే తీసుకోరే అవ్వా. ఇంకోటి... ఓడల గూడ పోవాలె."

"ఓడనా?" లస్మవ్వ నా దిక్కు చూసింది. "వదినా, ఓడ దేని మీద పోతది?"

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. రాజేశం కూడా కంచం ముందు ఊరికే కూర్చున్నాడు. "వద్దంటే వద్దు తియ్యి అవ్వా, సాంచెల మీద కూసుంట" అన్నాడు మెల్లగా. వాడు కోపంతో అని ఉంటే ఆమెకు అంత కష్టం కాకపోయేది.

తెల్లవారి నేను బర్రెకు కుడితి కలుపుతుంటే వెనక వచ్చి నిలబడింది.

"వదినా, తవుడు ఉన్నదా?"

"ఉన్నది. ఎందుకే?"

"నా కొడుకును కొనుక్కుంటవా?"

నాకు అర్థమైంది. మా దిక్కు, పిల్లలు పుట్టి పోతున్న ఇంట్లో బిడ్డను చాటలో పడుకోబెట్టి తవుడుకు అమ్ముతారు. కొన్న ఆమె తల్లి అవుతుంది. కన్నతల్లి పేరు మీద వచ్చే గండానికి ఆ బిడ్డ దొరకడు. కానీ అది పురిటి పిల్లలకు చేసే పని.

"మీసాలొచ్చిన పోరణ్ని అమ్ముతరానే?"

"మీసాలొస్తే నా కొడుకు గాకుంట పోయిండా? చాట తే."

రాజేశం నవ్వుతూనే వచ్చాడు. చాటలో ఎలా పడతానన్నాడు. "ఒక కాలు పెట్టు, చాలు. ఆ బూటు ఇడువు" అంది తల్లి. వాడు ఒంటికాలి మీద కొంగలాగా నిలబడ్డాడు. నేను సోలెడు తవుడు ఆమె కొంగులో పోశాను. ఆమె ముడి వేసుకుంది. చాట అంచు పట్టుకుని నా దిక్కు జరిపింది.

"అయిపాయెనా అవ్వా?" అన్నాడు వాడు.

లస్మవ్వ ముఖం తిప్పుకుంది. "అవ్వ అటున్నది. ఇరవై నిండేదాక నన్ను అట్ల పిలువద్దు."

వాడి నవ్వు ఆగిపోయింది. "మరి ఏమని పిలువాలె?"

"అత్త అను. మీ అవ్వకు తమ్ముని పెండ్లాన్ని గద."

చేపలు పట్టే మొండయ్య వాడికి ఈత నేర్పాడు. నడుముకు ఎండిన ఆనిగెపుకాయ, అదే సొరకాయ, బుర్రలు కట్టి మడుగులోకి తోశాడు. "ఏం దొరా, గా దేశంల గూడ బుర్రలు కట్టుకొనే లడాయి చేస్తవా?" అని ఎగతాళి చేసేవాడు. లస్మవ్వ రోజూ నాతో వచ్చేది. ఇసుకలో నదికి వీపు పెట్టి కూర్చునేది. నీళ్ల చప్పుడు ఆగితే మాత్రం, "ఏమైంది వదినా?" అనేది.

బుర్రలు విప్పే రోజు వచ్చింది. ఎండాకాలపు గోదావరి ఒక పక్కకు ఒదిగి పారుతోంది. అవతలి ఒడ్డు కరీంనగర్ జిల్లా. అక్కడికి ఈదమన్నాడు మొండయ్య. ఆ రోజు ఆమె నది వైపు తిరిగి నిలబడింది.

సగం దూరం బాగానే పోయాడు. తర్వాత చేతులు తడబడ్డాయి. తల మునిగింది. లేచింది. మళ్లీ మునిగింది. లస్మవ్వ నా మణికట్టు పట్టుకుంది. నోరు తెరిచింది. వచ్చిన మాటను మింగేసి, "వదినా, నీ కొడుకు! నీ కొడుకు!" అని అరిచింది.

"కాళ్లు కొట్టు కొడుకా!" అని నేను కేక వేశాను. మొండయ్య తన తెప్పను నీళ్లలోకి తోయబోతూ, "నోరు మూసుకొని కాళ్లు కొట్టురా!" అన్నాడు. నీళ్లు తెల్లగా లేచాయి. తల పైకి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ మునగలేదు.

అవతలి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని దగ్గాడు. లేచి చేతులు ఊపుతూ, "అవ్వా!" అని పిలిచాడు.

లస్మవ్వ పెదవులు కదిలాయి. అంతలోనే నా దిక్కు తిరిగింది. "పలుకు వదినా. నిన్నే పిలుస్తుండు."

నేను పలికాను. వాడు మళ్లీ నీళ్లలో దిగి, ఈసారి తొందర లేకుండా ఇటు ఈదుకుంటూ వస్తున్నాడు.

"షోలాపూర్‌కు కార్డు రాయించు. సంతకం పెట్టమను" అంది లస్మవ్వ, వాడి మీది నుంచి చూపు తీయకుండా. "ఓడల పోతే పోనీ. నీ కొడుకు, నీ ఇష్టం."

అప్పటిదాకా గట్టిగా పట్టుకున్న పొడి తువ్వాలను నా చేతిలో పెట్టింది.

"జల్ది పోయి తల తుడువు. వానికి ఊకె సర్ది అయితది."