నళిని డ్రైసూట్ కొన్న వైనం

డాక్టర్ నళిని గుంటూరులో మెడిసిన్ చదివి, డెబ్భై ఆరులో అమెరికా వచ్చి, వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో ముప్పై ఏళ్లకు పైగా ఎనస్తీషియా ఇచ్చి రిటైరైంది. ఆపరేషన్‌కి వచ్చినవాళ్లని నిద్రపుచ్చడం, పని అయ్యాక క్షేమంగా లేపడం ఆమె ఉద్యోగం. ఆ ముప్పై ఏళ్లూ సముద్రపు పాయ పక్కనున్న రోడ్డు మీదే ఆస్పత్రికి వెళ్లింది. ఆ నీళ్ల అడుగున ఏముంటుందా అన్న ఆలోచన మాత్రం ఒక్కనాడూ రాలేదు. వచ్చినా పట్టించుకునే తీరిక లేదు.

రిటైరయ్యాక భర్త గౌరీశంకర్‌తో హవాయి వెళ్లింది. హోటల్ వాళ్లు నేర్పిస్తామంటే సరదాకి స్కూబా డైవింగ్ నేర్చుకుంది. గోరువెచ్చటి నీళ్లలో పసుపు చేపలూ నీలం చేపలూ చూసి ఇంటికొచ్చాక, రోజూ చూసే సముద్రపు పాయ కొత్తగా కనిపించడం మొదలుపెట్టింది.

"మనింటి ముందున్న నీళ్లలో ఏముందో చూడకుండా ఐదు గంటలు ఫ్లైట్ ఎక్కి వెళ్లామేమిటండీ?" అంది ఒకరోజు.

"మనింటి ముందున్నవి ఐసు నీళ్లు గనక," అన్నాడు గౌరీశంకర్. ఆయన కౌంటీలో వంతెనల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఏ మాటకైనా ముందు కారణం చెప్పడం ఆయన అలవాటు.

రెండు వేల పదకొండు అక్టోబరులో, అరవై రెండేళ్ల వయసులో, నళిని ఆ ఐసు నీళ్లలో దిగింది. ఊళ్లో డైవింగ్ షాపు నడిపే డోనా తోడు వెళ్లింది. డోనా ఒకప్పుడు ఫెర్రీల ఇంజన్ రూముల్లో పనిచేసిన మనిషి. యాభై దాటిన వయసు, పొట్టి జుట్టు, తెలియనిదాన్ని తెలియదని చెప్పే స్వభావం. అద్దెకిచ్చిన వెట్‌సూట్ మందపాటి స్పాంజిలాంటి రబ్బరుది. నీళ్లు దానిలోకి వస్తాయి, వచ్చిన నీళ్లు ఒంటి వేడికి వెచ్చబడతాయి, అదీ దాని పద్ధతి. ఆ రోజు నీటి వేడి ఫారెన్‌హీట్‌లో యాభై డిగ్రీలు, అంటే మన సెంటిగ్రేడ్ లెక్కలో పది.

పద్దెనిమిది నిమిషాలకే పైకొచ్చేసింది. వేళ్లు కొయ్యబారి టార్చి మీట నొక్కలేకపోయింది. దవడలు టకటకా కొట్టుకుంటుంటే గౌరీశంకర్ కార్లో హీటర్ పెట్టి, ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసి, ఆమె చేత తాగించాడు.

"ఏం చూశావు?" అన్నాడు కాసేపయ్యాక.

"నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఇంకేం చూడలేదు." వణుకు తగ్గాక మళ్లీ అంది, "కానీ అక్కడేదో ఉందండీ. నా పక్క నుంచే పోయింది. తల తిప్పేసరికి లేదు."

మర్నాడు నళిని డోనా షాపుకి వెళ్లింది. ఇలాంటి నీళ్లకి డ్రైసూట్ కావాలని డోనా చెప్పింది. మెడ నుంచి పాదాల దాకా నీటిచుక్క చొరని సూటు. ఇంట్లో వేసుకునే బట్టలు వేసుకుని కూడా దాన్ని తొడుక్కోవచ్చు.

"అయితే వెచ్చగా ఉంటుందన్నమాట," అంది నళిని.

"ఉండదు. పొడిగా ఉంటారు, అంతే. వెచ్చదనం లోపల వేసుకునే ఉన్ని బట్టలది. ఆ బట్టల్లో నిలిచే గాలిది. సూటు పని నీళ్లని ఆపడమే."

నళినికి ఆ మాట నచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. లోపలికి గాలి ఎక్కడినుంచి వస్తుంది? వీపు మీది ట్యాంకు నుంచి ఒక గొట్టం వచ్చి ఛాతీ మీది వాల్వుకి తగులుకుంటుంది, మీట నొక్కితే గాలి వస్తుంది. ఎక్కువైతే? భుజం మీది వాల్వు లోంచి పోతుంది. సూదితో కుట్టిన చోట నీళ్లు రావా? కుట్ల మీద లోపల టేపు అతికిస్తారు. డోనా రెండు రకాలు హ్యాంగర్ల మీంచి తీసి చూపించింది. ఒకటి వెట్‌సూట్‌లాగే నియోప్రీన్ అనే మందపాటి స్పాంజి రబ్బరుది, ఒంటికి పట్టినట్టుంటుంది, కానీ బరువు. రెండోది రెయిన్‌కోటులాంటి పలచటి గుడ్డది, రెండు పొరల మధ్య రబ్బరు పొర పెట్టి చేసింది.

నళిని రెండోదాన్ని పట్టుకుని చూస్తూ మెడ దగ్గరికొచ్చి ఆగిపోయింది. అక్కడ లేత గోధుమరంగు రబ్బరు, చర్మంలా పలచగా ఉంది. మెడని పట్టి నీళ్లని ఆపే సీలు అదే. మణికట్ల దగ్గరా అదే.

"ఇది లేటెక్సా? రబ్బరు చెట్టు పాలతో చేసిందేనా?"

"అవును. దాదాపు అన్నిటికీ అదే."

నళిని చెయ్యి వెనక్కి తీసుకుంది. తొంభై మూడులో, ఒక ఆపరేషన్ మధ్యలో, గ్లవుజుల్లో ఆమె చేతులు ఉబ్బిపోయాయి. ఆ తర్వాత మెడ మీద దద్దుర్లు, తర్వాత ఊపిరి బిగుసుకుపోవడం. ఇరవై ఏళ్లు రోజంతా తొడుక్కున్న రబ్బరు గ్లవుజులే చివరికి ఆమెకి పడకుండా పోయాయి. ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లకీ నర్సులకీ అలా అయింది. అప్పట్నుంచి ఆస్పత్రి వాళ్లు ఆమెకోసం వేరే గ్లవుజులు తెప్పించేవారు. ఆ రబ్బరు పడనివాళ్లలో కొందరికి అరటిపండూ పడదు. ఆమెకీ పడలేదు. అందుకే తెలిసినవాళ్లిళ్లలో సత్యనారాయణ వ్రతమైతే అరటిపండు కలిపిన ప్రసాదం కళ్లకద్దుకుని భర్త చేతిలో పెట్టేది.

అంతా విని డోనా నిజాయితీగా చెప్పింది. "డాక్టర్, ఈ సూటులో ఎక్కడెక్కడ లేటెక్స్ ఉందో నాకు పూర్తిగా తెలియదు. తెలియకుండా మీకు అమ్మను."

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. నళిని ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. సూట్లు చేసే ఐదు కంపెనీలకి ఈమెయిల్ రాసింది. గుడ్డలోని రబ్బరు చెట్టుదా, పెట్రోలుదా? టేపు అతికించే జిగురు దేనితో చేశారు? సూటుకే అతికి ఉండే సాక్సులో ఏముంది? ముగ్గురు జవాబే ఇవ్వలేదు. ఒకరు సూట్ల బొమ్మలున్న కేటలాగు పంపారు. ఐదో కంపెనీ నుంచి ఒక ఆవిడ మాత్రం రెండు పేజీల జవాబు రాసింది. గుడ్డ మధ్యలో ఉన్నది పెట్రోలు నుంచి తీసిన రబ్బరు, అది ఈ ఎలర్జీకి సంబంధం లేనిది. చెట్టు పాలతో చేసినవి మెడా మణికట్ల సీళ్లు మాత్రమే. ఇప్పుడు వాటి బదులు సిలికాన్ సీళ్లు కూడా పెడుతున్నాం, కావాలంటే చెప్పండి.

సిలికాన్ సీళ్లని ఎవరి కొలతకి వాళ్లకి అంచులు రింగులు రింగులుగా కత్తిరిస్తారు. అలా మిగిలిన ముక్కలు డోనా దగ్గరుంటే రెండు అడిగి తెచ్చుకుంది. ఎడమ మణికట్టుకి తొడుక్కుని, అత్యవసరానికి వాడే ఇంజెక్షన్ దగ్గర పెట్టుకుని, రెండు రోజులు అలాగే తిరిగింది.

"ఏమిటీ కొత్త గాజులు?" అన్నాడు గౌరీశంకర్ భోజనాల దగ్గర.

"పరీక్ష పెడుతున్నాను."

"రెయిన్‌కోటు కొనడానికి ఇన్ని రోజులా?"

"మీరు వంతెనలు ఎన్ని రోజులకి కట్టేవారు?"

ఆయన నవ్వాడు. మూడోరోజు రింగులు తీస్తే చర్మం మామూలుగానే ఉంది. ఆ రోజు సాయంత్రం ఆయనే అడిగాడు, "అవునూ, ఆ సూటులోకి మనిషి ఎలా దూరతాడు?" జిప్పు ఉంటుందని చెబితే నమ్మలేదు. "వంతెన జాయింట్లలోంచి నీళ్లు కారకుండా ఆపడానికి ఇరవై ఏళ్లు తల బద్దలు కొట్టుకున్నాను. వీళ్లు జిప్పుతో ఆపుతారా!"

ఆ జిప్పు చూడటానికి ఆయన కూడా షాపుకి వచ్చాడు. డోనా ఒక సూటుకి మెడా చేతులూ బిగించి, గాలి నింపి, మనిషిలా ఉబ్బించి బల్ల మీద పడుకోబెట్టింది. జిప్పు పొడుగునా సబ్బునీళ్లు చల్లింది. ఆయన కళ్లజోడు పైకి జరిపి, వంగి, ఒక్క బుడగైనా వస్తుందేమోనని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. రాలేదు.

"సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే ఉంది," అన్నాడు తెలుగులో, తనలో తను.

కొనేముందు ఒకసారి తొడుక్కుని ఈదాలంది డోనా. అద్దెకిచ్చే సూట్లలో లేటెక్స్ బదులు నియోప్రీన్ సీళ్లున్నది ఒకటే ఉంది. అది ఆరడుగుల మనిషిది. నళిని ఐదడుగుల ఒక అంగుళం. కాళ్ల దగ్గర గుడ్డ మడతలు మడతలుగా పడింది. స్విమ్మింగ్ పూలే కదా, ఫరవాలేదనుకున్నారు.

పూల్లో మొదటి పది నిమిషాలు బాగానే గడిచాయి. తర్వాత నళిని, డైవింగ్‌లో నడుముకి కట్టుకునే బరువు బిళ్ల ఒకటి అడుగున పడితే తీద్దామని తల వంచింది. సూటులోని గాలి గబుక్కున కాళ్లలోకి పరిగెత్తింది. ఖాళీ ఎక్కడ ఎక్కువుంటే గాలి అక్కడికే పోతుంది. పాదాలు బెలూన్లలా ఉబ్బి పైకి లేచాయి. గాలి పోయే వాల్వు భుజం మీద, అంటే ఇప్పుడు అన్నిటికంటే కింద ఉంది. ఎంత నొక్కినా గాలి బయటికి పోదు.

గట్టు మీద కూర్చున్న గౌరీశంకర్‌కి నీళ్ల పైకి పొడుచుకొచ్చిన భార్య పాదాలు రెండే కనబడ్డాయి. ఆయనకి ఈత రాదు. అయినా లేచి బూట్లతోనే పూలు మెట్లు దిగి, నడుం లోతు దాకా వెళ్లిపోయాడు. ఆయన అక్కడికి చేరేలోపే డోనా నళిని నడుం పట్టుకుని, ఆమె మోకాళ్లు కడుపులోకి ముడిచి, గిర్రున తిప్పి నిలబెట్టింది. నళిని నోట్లోని గొట్టం ఊడలేదు. ఊపిరి ఆగలేదు. అర నిమిషం తలకిందులుగా ఉండి, ఎందుకిలా అయిందా అని ఆలోచిస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆయన తడి బూట్లు విప్పుతూ అన్నాడు, "వద్దు నళినీ. ఇంక వద్దు."

ఆమె ఆయనకో పొడి తువ్వాలు తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"నాలుగేళ్ల పిల్లకి ఆపరేషనైతే పెద్దవాళ్ల గొంతులో వేసే ట్యూబు వేస్తామా? వేస్తే పిల్ల చచ్చిపోతుంది. అంతమాత్రాన ట్యూబే వద్దంటామా? ఇవాళ నేను వేరేవాడి సూటు వేసుకున్నానండీ. తప్పు అక్కడ జరిగింది."

"అరవై రెండేళ్లొచ్చాయి నీకు."

"వచ్చాయి. ఇంక ఎప్పుడు చూస్తాను?"

ఆయన చాలాసేపు కాళ్లు తుడుచుకున్నాడు. రెండు రోజుల తర్వాత కొలతల కాయితం అడిగాడు.

జవాబు రాసిన ఆ కంపెనీ వాళ్లు మనిషి కొలతకి సూటు కుట్టిస్తారు. దానికి ఇరవై మూడు చోట్ల కొలవాలి. గౌరీశంకర్ టేపు తెచ్చి, హాల్లో ఆమెని నిలబెట్టి, ఒక్కొక్క కొలత మూడేసి సార్లు తీసి సగటు వేశాడు. పిక్క చుట్టు, మోకాలి నుంచి మడమ, మెడ చుట్టు. "ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. నీ మోచెయ్యి చుట్టుకొలత ఎంతో ఇవాళ తెలిసింది," అన్నాడు. నళిని నవ్వు ఆపుకోలేకపోతే, "కదలకు, మళ్లీ కొలవాలి," అని కసిరాడు. ఆ కాయితం చూసి, అంగుళంలో పదహారో వంతు దాకా కొలతలిచ్చినవాళ్లని ఇంతవరకూ చూడలేదంది డోనా.

సిలికాన్ సీళ్లు పెట్టిన గుడ్డది ఎంచుకుంది నళిని. తేలిగ్గా ఉంటుంది, తొందరగా ఆరుతుంది, సీళ్లు చిరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. రంగు మాత్రం ఆయన ఎంచాడు, నారింజ రంగు. గట్టు మీంచి కనబడాలట. నీళ్ల కింద ఏ రంగైనా గట్టు మీదికి కనబడదని ఆమె చెప్పలేదు.

సూటు ఫిబ్రవరిలో వచ్చింది. ముందు పూల్లో నాలుగుసార్లు దిగి, తల వంచడం, గిర్రున తిరగడం డోనా దగ్గర సాధన చేసింది. మార్చిలో ఒక శనివారం పొద్దున, ఆటుపోట్లు నిలిచే వేళ చూసి, ఊళ్లోనే ఉన్న టిట్లో తీరంలో దిగారు. పాత ఫెర్రీ రేవు తాలూకు కొయ్య స్తంభాలు అక్కడ నీళ్లలో ఇంకా నిలబడి ఉన్నాయి.

చలి ముఖానికి తగిలింది, అంతే. ఒళ్లు శాలువా కప్పుకున్నట్టుంది. వేళ్లు చెప్పినట్టు వింటున్నాయి. టార్చి వెలిగించింది. స్తంభాల నిండా కాలీఫ్లవర్లు పూసినట్టు తెల్లటి జీవాలు, ఒక్కొక్కటి మూరెడు పొడుగు, నీటి వాలుకి ఒకవైపుకి ఊగుతున్నాయి. వేలు దగ్గరికి పోనిస్తే ఒకటి నెమ్మదిగా ముడుచుకుంది. బొటనవేలంత చేప ఒకటి ఖాళీ గవ్వలోంచి మూతి బయటపెట్టి ఆమెని చూసింది. ఆమె దాన్ని చూసింది. డోనా వచ్చి భుజం తట్టి గడియారం చూపించేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ముప్పై ఆరు నిమిషాలు.

ఇంటికొచ్చి స్నానం చేసి వస్తుంటే గౌరీశంకర్ కంగారుగా పిలిచాడు. "నళినీ, భుజం మీద ఏమిటవి?"

అద్దంలో చూసుకుంది. భుజం మీదా మోచేతి పైనా ఎర్రటి గీతలు. ఆయన అప్పటికే ఇంజెక్షన్ కోసం సొరుగు లాగుతున్నాడు. నళిని వేలితో తడిమి చూసింది. ఉబ్బు లేదు, దురద లేదు. ఊపిరి హాయిగా ఆడుతోంది. గీతలన్నీ సూటు మడతలు పడ్డ చోటే ఉన్నాయి.

"ఎలర్జీ కాదండీ. సూటు నొక్కేసింది. గాలి తక్కువ పెట్టుకున్నాను."

ఆయన సొరుగు మూశాడు, కానీ కుదురుగా కూర్చోలేదు. పాత కవరొకటి తిరగేసి లెక్క వేశాడు. ముప్పై మూడడుగుల లోతుకి పోతే ఒత్తిడి రెట్టింపు. పైనుంచి తీసుకెళ్లిన గాలి సగానికి తగ్గుతుంది.

"ఆ తగ్గిన సగం నువ్వు నింపుకోవాలి. ఎందుకు నింపుకోలేదు?"

"మళ్లీ తలకిందులవుతానేమోనని భయమేసింది."

ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఇది నీ కొలతల సూటు. మూడేసి సార్లు కొలిచాను. భయపడకుండా ఇంకాస్త గాలి పెట్టుకో."

తర్వాతి శనివారం పెట్టుకుంది. నలభై నాలుగు నిమిషాలు లోపలే ఉంది. గీతలు పడలేదు.