దండెం దొంగలు

తోమాసును జీపు పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టి పోలీసులు లాఠీలతో కుళ్లబొడుస్తుంటే కూలిపల్లె మొత్తం చూసింది. చేసిన నేరం కరెంటు దొంగతనమట. ఆ పల్లెలో వెలిగేవన్నీ కిరసనాయిలు బుడ్లే.

గుడివాడ వెళ్లే పెద్ద కరెంటు లైను కోదండరామయ్య నిమ్మతోట మీదుగా పోవాలి. ఆ కామందు ఏ గుమ్మం ఎక్కి దిగాడో గానీ, అది తోట కంచె వెంట వంకర తిరిగి పల్లె నెత్తినెక్కింది. అప్పటినుంచి ముసురు పట్టిందంటే తీగలు బుసకొట్టేవి. తుమ్మచెట్టు మీది తేనెపట్టు ఖాళీ అయిపోయింది. లైను కింద కట్టేస్తే గేదెలు పలుపులు తెంపుకునేవి.

లైను పనివాళ్లు వదిలేసిన తీగముక్కల్ని వెదురు గుంజలకు కట్టి పల్లెవాళ్లు దండేలు చేసుకున్నారు. కొబ్బరితాడులా కుళ్లదని మురిసిపోయారు. పాపం, అదే కొంప ముంచింది. తోమాసు భార్య ఎలీసబెతు బట్టలు ఆరేస్తే చెయ్యి ఝల్లుమనేది. ప్రార్థన తప్పినందుకు దేవుడి శిక్ష అనుకుంది. లైను జరపమని తోమాసు బందరు వెళ్లి అర్జీ పెట్టుకున్నాడు. దానికి జవాబే ఈ జీపు.

ఇంజనీరు దండేనికి టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

"కొక్కెం వేసి కరెంటు లాగారు. ఇంకేం సాక్ష్యం కావాలి?"

"దొంగలకి నా పొలం పక్కన చోటు లేదు. రేపటికల్లా గుడిసెలు పీకెయ్యాలి," అన్నాడు కోదండరామయ్య.

మొగుడు జైలుకి పోయి గూడూ పోతే పిల్లలతో ఎక్కడికి పోవాలి? ఎలీసబెతు దండెం దగ్గరికి వచ్చింది.

"అయ్యా, ఈ తీగకి రెండు కొసలూ వెదురుకే కట్టున్నాయి. కొక్కెం ఎక్కడుందో చూపించండి."

పైనున్న లైను తాకకుండానే కింది తీగకు కరెంటు ఎక్కిస్తుందని చదువుకున్న ఇంజనీరుకి తెలుసు. ఆ మాట చెబితే లైను జరపాలి.

"మా దండెం కూడా చూడండి బాబూ. అదీ దొంగదేనేమో," అంది పక్క గుడిసె ముసలి జీవరత్నం.

ఎలీసబెతు ఇంజనీరు చేతిలోంచి టెస్టరు లాక్కుని, కామందు ముళ్లకంచె తీగకి ఆనించింది. అదీ వెలిగింది.

"మరి ఈయన్ని జీపెక్కించరేం?"

హెడ్డు కానిస్టేబులు ఆమె చెయ్యి విరిచి జీపులో తోశాడు. డ్రైవరు బండి తీయబోతే ఎదురుగా నలభైమంది ఆడవాళ్లు బురదలో కూర్చున్నారు.

"లైను తీసేదాకా లేవం," అంది జీవరత్నం.

మొదటి లాఠీ ఆమె తల మీదే పడింది. ఆమె ఒరిగిన చోటికి ఇంకొకామె జరిగి కూర్చుంది.