గూస్ క్రీక్ బడిలో బార్లీ

ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాక వెల్మా పాడుబడిన పాత బడుల వెంట పడింది. కెనడాలోని సస్కాచెవాన్ మైదానాల్లో వాటికేం కొదవ! శనివారం వస్తే చాలు, ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, ఆడబిడ్డ ఐరిస్‌ను కారెక్కించుకుని, కంకర రోడ్లమీద దుమ్ము రేపుకుంటూ పోవడమే.

ఆ శనివారం గూస్ క్రీక్ బడి కనబడింది. తలుపుకు మేకులు కొట్టేశారు. కిటికీ మాత్రం తోస్తే తెరుచుకుంది.

"ఈ వయసులో కిటికీ దూకుతావా వదినా? లోపల ఏ నక్కో పిల్లల్ని పెట్టి ఉంటుంది."

"పెడితే పలకరించి వస్తాలే," అంటూ వెల్మా చీకట్లోకి దూకింది. అక్కడ నేల లేదు, బార్లీ గింజలున్నాయి. తొడలదాకా దిగబడింది. కాలు లాగబోతే బూటు జారిపోయింది.

ఐరిస్ కిటికీ పట్టుకుని నవ్వలేక చస్తోంది.

"నవ్వింది చాలు గానీ, చెయ్యియ్యవే!"

"ఉండు, ఒక్క ఫొటో. అన్నయ్యకు చూపించాలి."

ఇంతలో ట్రక్కు వచ్చి ఆగింది. దిగినాయన ఆ పొలం ఆసామి ఒరెస్ట్, ఎనభై దాటిన మనిషి. టోపీ వెనక్కి నెట్టి లోపలికి తొంగిచూశాడు.

"ఎవరమ్మా నా బార్లీలో?"

"దొంగను కానండీ. బడి చూద్దామని వచ్చాను."

"చూశారా మరి?"

"తొడలదాకా చూశానండీ."

ఆయనకూ నవ్వాగలేదు. తాడు వేసి ఇద్దరూ కలిసి ఆవిడను బయటికి లాగారు. బూటు మాత్రం రాలేదు.

"బుధవారం లారీ వచ్చి గింజలు ఎత్తేస్తుంది. అప్పుడు రండి, నల్లబల్ల చూపిస్తా. నేను ఇందులోనే చదివాను. బడి మూసేశాక దీన్ని గాదె చేసుకున్నాం. గింజలు పోసేటప్పుడు బల్ల మీద రాతలు చెరిగిపోతాయని మా నాన్న దానికి అడ్డంగా చెక్కలు కొట్టించాడు," అన్నాడు ఒరెస్ట్.

బుధవారం వదినా మరదళ్ళు గసగసాల రొట్టె పట్టుకుని వెళ్ళారు. ఒరెస్ట్ ముందు బూటు ఇచ్చి, తర్వాత చెక్కలు ఊడబీకాడు. ఆఖరి రోజు పాఠం సుద్దముక్క రాతలో చెక్కు చెదరకుండా ఉంది. దాని కింద ఓ మూల: 'ఈరోజు ఊడ్చవలసినవారు: స్టెల్లా, ఒరెస్ట్.'

ఒరెస్ట్ మొహం పాలిపోయింది.

"స్టెల్లా ఎవరండీ?" అంది వెల్మా.

"మా ఆవిడ. ఆ సాయంత్రం నేను పారిపోయానని, తానొక్కతే ఊడ్చిందని ఇప్పటికీ దెప్పుతుంది. అసలు బల్ల మీద నా పేరే లేదని, పెళ్ళయిన ఈ యాభై ఏళ్ళుగా వాదిస్తున్నాను. చెక్కలు మళ్ళీ కొట్టేద్దామా అమ్మా?"

"కొట్టేసినా ఫొటో తీసేశాగా!" అంది ఐరిస్.

ఆయన నిట్టూర్చి, తానే ఫోను చేశాడు. పది నిమిషాల్లో స్టెల్లా వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. తమ టీచరు రాసిన ఆ గుండ్రటి అక్షరాలను చేత్తో తాకబోయి ఆగింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇంకా నిలబడ్డావేం? చీపురు అందుకో."

ఆడవాళ్ళు ముగ్గురూ మెట్లమీద కూర్చుని టీ తాగుతుంటే, గుమ్మంలోంచి దుమ్ము మేఘంలా బయటికి వచ్చింది.

"మూలలు కూడా!" అని కేకేసింది స్టెల్లా.